అంకె ఒక్కటీ చాలదు

పిల్లల తెలివితేటల్ని పరీక్షించే మా గదిలో బల్ల మీద ఒక చెక్కపలక ఉంటుంది. దానికి పది గుంటలు, వాటిలో పట్టే పది బిళ్లలు: నక్షత్రం, గుండ్రం, చదరం వగైరా. సెగ్విన్ ఫారం బోర్డు అంటాం. పిల్లలతో మూడుసార్లు పెట్టించి, అన్నిటికన్నా తక్కువ పట్టిన టైమును లెక్కలోకి తీసుకుంటాం. టైము కాగితం మీదికెక్కుతుంది. నేను చూసేది మాత్రం ఆ చేతుల్ని. బిళ్ల పట్టకపోతే గట్టిగా నొక్కుతున్నాడా, తిప్పి చూస్తున్నాడా? రెండోసారికి ఆ కిటుకు గుర్తుందా?

ఇలాంటి బుద్ధి పరీక్షలకు మూలపురుషుడు ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బినె. బడిలో వెనకబడ్డ పిల్లల్లో ఎవరికి ప్రత్యేకంగా చెప్పాలో తేల్చడానికి, 1905లో తన సహచరుడు సిమోన్‌తో కలిసి 30 ప్రశ్నలు తయారుచేశాడు. పిల్లల్ని వరుసలో నిలబెట్టి మార్కులేయడం ఆయన ఉద్దేశం కాదు. మానసిక వయసును అసలు వయసుతో భాగించాలన్నది 1912లో జర్మనీ శాస్త్రవేత్త స్టెర్న్ ఆలోచన. 1916లో అమెరికాలో మనస్తత్వవేత్త టెర్మన్ దాన్ని వందతో హెచ్చవేశాడు. ఎనిమిదేళ్ల పిల్ల ఆరేళ్ల వాళ్ల స్థాయిలో చేస్తే ఐక్యూ 75. కొత్త పరీక్షల్లో ఈ భాగహారం లేదు, అదే వయసు పిల్లలతో పోల్చి చూస్తారు. మన దగ్గర ఇంకా వాడే బినె-కామత్ పరీక్షలో మాత్రం పాత లెక్కే. అదీ స్వాతంత్ర్యానికి ముందు కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచింది!

అంకెలు వినిపించి తిరిగి చెప్పమనే ప్రశ్న ఒకటుంది. (అసలు అంకెలు ఇక్కడ రాయను, రాస్తే పరీక్షే పాడవుతుంది.) తెలుగులో అడిగితే ఇంగ్లీషు మీడియం పిల్లాడు బిక్కమొహం వేస్తాడు, ‘సిక్స్, టూ’ అంటే టకటకా అప్పజెబుతాడు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పిల్లకు ముందు టిఫిన్ తినిపించి తీసుకురమ్మంటాను. ఆకలి మీద ఏ పరీక్షా నిజం చెప్పదు.

చాలామంది సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం వస్తారు కాబట్టి, “అంకె ఎంతొచ్చింది మేడమ్?” అని అడగడంలో తప్పులేదు. పింఛను ఆ సర్టిఫికెట్‌తోనే ముడిపడి ఉంది. కానీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం బుద్ధి ఒక్కటే చూస్తే చాలదు, రోజువారీ పనులూ చూడాలి. అందుకే తల్లిని అడుగుతాను: పిల్ల తనంతట తాను అన్నం తింటుందా, గుండీలు పెట్టుకుంటుందా, కొట్టుకు పంపితే చిల్లర సరిగ్గా తెస్తుందా?

రిపోర్టు మొదటి పేజీలో అంకె ఉండక తప్పదు. రెండో పేజీలో ‘బొమ్మ చూపిస్తే త్వరగా అందుకుంటుంది, ఒకేసారి రెండు పనులు చెబితే తికమక పడుతుంది, ముందు బెంచీలో కూర్చోబెట్టండి’ అని రాస్తాను. “ఈ పేజీ జిరాక్స్ తీయించి టీచరమ్మకివ్వమ్మా” అని తల్లికి చెప్పి పంపుతాను.