షెల్‌చెక్ వార్నింగ్: నోరు నొక్కే ముందు చదవండి!

స్క్రిప్టు చక్కగా నడుస్తోంది. షెల్‌చెక్ మాత్రం పసుపు రంగులో ఏదో గొణుగుతూనే ఉంటుంది. డెవాప్స్, టెస్టింగ్ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్లకు ఇది మామూలే. చాలామంది ఏం చేస్తారు? నెట్‌లో వెతికి, డిజేబుల్ లైను కాపీ కొట్టి, ఫైలు పైన అతికించేస్తారు. పని అయిపోయింది అనుకుంటారు.

లింటర్ కోడ్‌ను నడిపి చూడదు, చదివి చెబుతుందంతే. కాబట్టి పొరపడటం సహజం. బ్యాకప్ కోసం రెండు ఫైళ్లు రాశారనుకుందాం. ఒకదాంట్లో సెట్టింగులే ఉంటాయి, రెండోది సోర్స్ కమాండ్‌తో వాటిని తెచ్చుకుంటుంది. సెట్టింగుల ఫైలును విడిగా తనిఖీ చేస్తే ‘ఈ వేరియబుల్‌ను వాడినట్టు లేదు’ అంటూ ఎస్‌సీ2034 వస్తుంది. వాడేది పక్క ఫైల్లో కదా, పాపం దానికెలా తెలుస్తుంది! ఇది అసలైన ఫాల్స్ పాజిటివ్. ఈ ఫైల్లో అన్నీ అలాంటివే కాబట్టి పైన ఒక్కసారి డిజేబుల్ రాసినా తప్పులేదు.

ఇప్పుడు ఎస్‌సీ2115 సంగతి చూడండి. ఆర్‌ఎం కమాండ్‌లో ఫోల్డర్ వేరియబుల్, దాని వెనకే స్లాష్, స్టార్ ఉంటే ఇది వస్తుంది. ‘నా వేరియబుల్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఇదీ ఫాల్స్ పాజిటివే’ అనిపిస్తుంది. 2015లో లైనక్స్ స్టీమ్ క్లయింటు స్క్రిప్టులో బయటపడింది సరిగ్గా ఇలాంటి లైనే. ఫోల్డర్ దారి కనుక్కునే లైను విఫలమైంది, వేరియబుల్ ఖాళీ అయింది. మిగిలింది స్లాష్, స్టార్. అంటే రూట్ నుంచి తుడిచెయ్ అని! సొంత ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మందు మాత్రం రెండు గుర్తులే: బ్రాకెట్లలో వేరియబుల్ పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం పెడితే, అది ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. వార్నింగ్ కూడా పోతుంది.

తేడా పట్టుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే: టూల్‌కు కనిపించనిది నాకేం తెలుసు? ‘పక్క ఫైల్లో వాడాను’ అన్నది జవాబు. ‘నా ల్యాప్‌టాప్‌లో పనిచేసింది’ అన్నది జవాబు కాదు.

వార్నింగ్ వట్టిదేనని తేలితే, అసలు స్క్రిప్టులో ఆ ఒక్క కమాండు పై లైన్లోనే, కోడ్ నంబరుతో డిజేబుల్ రాయండి. ఎందుకో కూడా ఒక ముక్క కామెంటు పెట్టండి. మీ గిట్‌హబ్ ప్రాజెక్టు తెరిచిన ఇంటర్వ్యూయర్ ‘ఇదెందుకు ఆపావు?’ అని అడిగితే అప్పుడు తడుముకోనక్కర్లేదు.