భూకంప సమయంలో నేల స్పందన: గణనను వేగవంతం చేసే సంకేత విశ్లేషణ

1985 సెప్టెంబరు 19న మెక్సికో పసిఫిక్ తీరంలో సంభవించిన భూకంపం, సుమారు 350 కిలోమీటర్ల దూరంలోని మెక్సికో నగరానికి తీవ్ర నష్టం కలిగించింది. నగరంలో గట్టి శిలపై నమోదైన గరిష్ఠ త్వరణం గురుత్వ త్వరణంలో 3–4 శాతం మాత్రమే. పూర్వపు సరస్సు అడుగున పేరుకున్న మెత్తని బంకమట్టిపై అది సుమారు 17 శాతానికి చేరింది. శిల నుంచి వచ్చే కంపనాన్ని పైనున్న మట్టి పొరలు ఎంతగా మారుస్తాయో అంచనా వేయడమే నేల స్పందన విశ్లేషణ.

నేల సహజ ఆవర్తన కాలం

పొర మందానికి నాలుగు రెట్లను షియర్ తరంగ వేగంతో భాగిస్తే దాని సహజ ఆవర్తన కాలం వస్తుంది. పై బంకమట్టి మందం దాదాపు 37.5 మీటర్లు, తరంగ వేగం సెకనుకు 75 మీటర్లు. అనగా ఆవర్తన కాలం 2 సెకన్లు. ఇంచుమించు ఇదే లయతో ఊగే భవనాలు అధికంగా దెబ్బతిన్నాయి.

గణనలో ఆదా

శిలపై నమోదైన కంపనాన్ని వివిధ పౌనఃపున్యాలుగా విడదీసి, ఒక్కొక్కదానిని మట్టి పొరలు ఎన్ని రెట్లు మారుస్తాయో ఆ విలువతో గుణించి, తిరిగి కలిపితే ఉపరితల కంపనం లభిస్తుంది. 4,096 విలువలున్న నమోదును నేరుగా విడదీయడానికి దాదాపు 1.68 కోట్ల గుణకారాలు అవసరం. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన శీఘ్ర ఫోరియర్ పరివర్తనతో ఈ పని 49 వేల స్థాయికి తగ్గుతుంది. 1972లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘షేక్’ ప్రోగ్రాం దీనిని వినియోగించుకుంది. నమోదు చివర తగినన్ని సున్నాలు చేర్చడం తప్పనిసరి. లేనిచో చివరి కంపనం చుట్టి వచ్చి ఆరంభంలో కలిసిపోతుంది.

వేగం వల్ల ప్రయోజనం, పరిమితి

కంపనం తీవ్రమయ్యే కొద్దీ మట్టి దృఢత్వం తగ్గుతుంది, శక్తిని హరించే గుణం పెరుగుతుంది. అందువలన ఈ రెండు విలువలు స్థిరపడే వరకు గణనను పునరావృతం చేయాలి. క్షేత్రంలో కొలిచిన తరంగ వేగాల్లోనూ అనిశ్చితి ఉంటుంది. కనుక ఒకే కంపనం, ఒకే నేల నమూనాపై ఆధారపడక అనేక కలయికలను పరీక్షించడానికి ఈ వేగాన్ని వినియోగించాలి.

2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కచ్ ప్రాంతపు సాగునీటి మట్టి ఆనకట్టలు పలుచోట్ల దెబ్బతిన్నాయి. నీటితో నిండిన వదులు ఒండ్రు పునాదులు పట్టు కోల్పోవడం ఇందుకు ముఖ్య కారణం. మట్టి రంధ్రాలలోని నీటి పీడనం పెరుగుదలను పై పద్ధతి లెక్కలోకి తీసుకోదు. అటువంటి పునాదులను ముందుగా గుర్తించడానికి శీఘ్ర విశ్లేషణ తోడ్పడుతుంది; వాటి భద్రతను నిర్ధారించడానికి మాత్రం నీటి పీడనాన్ని క్షణక్షణం గణించే అరేఖీయ విశ్లేషణ అవసరం.