ఆసుపత్రిలో అడగడం తప్పు కాదు

ఆసుపత్రి అనగానే చాలామందికి గుర్తొచ్చేది డాక్టరు గారే. కానీ ఒక చిన్న ఆపరేషన్‌కైనా సర్జన్, మత్తు డాక్టరు, నర్సులు, టెక్నీషియన్, ఆయమ్మ, వార్డు బాయ్ అందరూ కావాలి. ఆసుపత్రి చిన్నదిగా ఉన్నప్పుడు అందరూ ఒకరికొకరు తెలుసు. పడకలు పెరిగి, కొత్తవారు చేరేకొద్దీ పక్కన నిలబడి పనిచేసే మనిషి పేరు కూడా తెలియకుండా పోతుంది. పేరు తెలియనివారిని అడగాలంటే మొహమాటం, పెద్దవారిని అడగాలంటే భయం. వీటివల్ల నష్టపోయేది రోగి.

కేస్ షీటులో ఎడమ కాలు అని ఉండగా, ఆపరేషన్‌కు కుడి కాలు సిద్ధం చేస్తున్నారనుకుందాం. అది ముందుగా గమనించేది నిన్న చేరిన నర్సు కావచ్చు. "సార్, ఎడమ కాలు కదా?" అని ఆమె అడగగలగాలి. అడిగినందుకు ఆమెను ఎవరూ కసురుకోకూడదు.

పేరు చెప్పుకోవడం ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల తనిఖీ పట్టికను విడుదల చేసింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుండి బయటకు పంపే ముందు, ఇలా మూడుసార్లు ఆగి అన్నీ సరిచూసుకోవాలి. కోతకు ముందు ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెబుతారు. ఒకసారి నోరు విప్పి పేరు చెప్పినవారికి, తర్వాత అనుమానం వస్తే అడగడం సులువవుతుంది.

ఈ పట్టికను 8 నగరాల్లోని ఆసుపత్రుల్లో పరీక్షించారు. వాటిలో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ మిషన్ ఆసుపత్రి కూడా ఉంది. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి, ఇతర చిక్కులు నూటికి 11 నుండి 7కి తగ్గాయి.

అయితే కెనడాలోని ఆంటారియోలో 101 ఆసుపత్రుల్లో ఇలాంటి పట్టికలను అమలుచేసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2014లో తేలింది. కాగితం మీద టిక్కు పెట్టినంత మాత్రాన రోగికి రక్షణ రాదు. ఆగి, అడిగి, విన్నప్పుడే ఆ కాగితానికి విలువ.

సిబ్బంది పాటించవలసినవి

1. కొత్తవారు చేరిన రోజే పేరుతో అందరికీ పరిచయం చేయాలి.

2. ఫోనులో మందు చెప్పినప్పుడు నర్సు రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. చెప్పినవారు ఓపికగా వినాలి.

3. "ఇంత కూడా తెలియదా?" అనే మాట మానుకోవాలి. ఆ మాట ఒక్కసారి పడితే ఆ పిల్ల మళ్ళీ అడగదు.

4. ఆయమ్మ మాట తేలికగా తీసుకోరాదు. పక్క మార్చేటప్పుడు వీపు మీద ఎర్రబడిన చోటును ముందుగా చూసేది తరచు ఆమే.

మీరు చేయవలసినవి

రోగి, రోగి బంధువులు కూడా ఈ బృందంలో వారే. నర్సు పదేపదే పేరు అడిగితే విసుక్కోకండి. ఒకరి మందు మరొకరికి వెళ్ళకుండా ఉండటానికే ఆమె అడుగుతున్నది. ఏ మందైనా పడకపోతే, ఇంట్లో వాడుతున్న మాత్రలు ఏవైనా ఉంటే, ఎవరూ అడగకపోయినా చెప్పండి. రోజూ తెల్ల మాత్ర ఇచ్చి ఈ రోజు పచ్చ మాత్ర ఇస్తే, "సిస్టర్, ఇది దేనికి?" అని మింగక ముందే అడగండి. అలాగే ఆయమ్మను, వార్డు బాయ్‌ను "ఏయ్" అని పిలవకండి. పేరు అడిగి తెలుసుకోండి.

అడిగినవారిని చిన్నచూపు చూడకుండా ఉంటే, చాలా పొరపాట్లు రోగి దాకా రాకముందే ఆగిపోతాయి.