ఆటలకొక దుబాసీ

సిరిసిల్లలో మరమగ్గము మొరాయించినచో ఆసామి దానిని విప్పించి చూచును. అరిగిన భాగమును మార్పించును. దాని లోపల చూడరాదని మగ్గమును అమ్మినవాడు శాసించినచో నవ్విపోదురు. కంప్యూటరు విషయమున మాత్రము లోకమంతయు అట్టి శాసనమునకు ఏనాడో తలయొగ్గినది.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు సాధారణ సేవలను ముగించినది. విండోస్ 11కు టీ.పీ.యం. 2.0 అను భద్రతా సాధనమును, క్రొత్త తరము ప్రాసెసరును ఉండవలెనన్నది నియమము. గల్ఫున తండ్రి చెమటోడ్చి పంపిన సొమ్ముతో జగిత్యాలలోనో కోరుట్లలోనో పదేండ్ల క్రిందట కొన్న కంప్యూటరు ఇట్లు ఒక్క నియమముతో ముసలిదైపోయినది. యంత్రము చెడలేదు, దానికి అండ పోయినది.

ఇట్టి యంత్రమును లినక్సుతో నడుపుకొనవచ్చునని ఉపాధ్యాయుడు చెప్పినచో విద్యార్థి మొదట అడుగునది చదువును గూర్చి కాదు: "సార్, అండ్ల నా గేమ్ నడుస్తదా?" ఈ ప్రశ్నను కసరి కొట్టివేయరాదు. పెక్కుమంది పిల్లలను కంప్యూటరు చెంతకు చేర్చినది ఆటయే గదా!

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఇరువదియొక్క ఏండ్ల ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును వెలువరించెను. ఇంగ్లీషులో 'ఫ్రీ' యన్న ఒక్క మాటకే వెల లేనిదనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములుండుటచే వారికి ఎడతెగని వివరణ తప్పలేదు. తెలుగున ఆ చిక్కు లేదు: ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు.

విండోస్‌కై వ్రాసిన ఆట విండోస్ భాషనే మాటాడును. 1993లో ఆరంభమైన వైన్ అను సాధనము నడుమ దుబాసీవలె నిలిచి, ఆట కోరినదానిని లినక్సుకు తెలిసిన భాషలో విన్నవించును. దాని ఆధారముననే వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను విడుదల చేసినది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అను చేతి యంత్రము ఈ దుబాసీ బలముననే వేలకొలది ఆటలను ఆడించుచున్నది.

అయినను దుబాసీని లోనికి రానీయని కోటలు కొన్ని కలవు. వాలరెంట్ ఆటలో మోసమును పట్టు వాన్‌గార్డ్ అను కావలివాడు విండోస్ గర్భమున కూర్చుండును. లినక్సులో ఆ ఆట నడువదు. మరియొక నిజమును దాచరాదు. పాత గ్రాఫిక్సు కార్డు వల్కన్ ఎరుగనిదైనచో ప్రోటాన్ సాధారణముగా చేతులెత్తివేయును. లినక్సు పాత యంత్రమును బ్రతికించును గాని పడుచుదానిని చేయలేదు.

అట్టి యంత్రమునకు తగిన చిన్న ఆటలును లేకపోలేదు. 2000లో ఫ్రాన్సున పుట్టిన జీకాంప్రీలో లెక్కలు, అక్షరములు, భూగోళము ఆటలై యున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ బడిపిల్లలకై బాల స్వేచ్ఛను కూర్చినది. ఇట్టి ఆటలలోని మాటలను తెనిగించుటకు కోరుట్ల పంతులుగారు ఎవరి అనుమతిని వేడనక్కరలేదు. తెలుగు మేష్టర్లకు ఇంతకంటె ఇంపైన పని యేమున్నది?

లినక్సును పెన్‌డ్రైవునుండియే నడిపి చూడవచ్చును. నచ్చనిచో దానిని తీసివేసి మరల ఆరంభించిన విండోస్ యథాప్రకారము వచ్చును. స్థిరముగా ఎక్కించువారు మాత్రము ఇంటి ఫోటోలను, పాఠములను ముందుగా వేరొక చోట భద్రపరచుకొనవలెను. డిస్కు తుడిచిన పిమ్మట అవి తిరిగి దొరకుట దుర్లభము.