నరాల టెస్ట్‌కి వెళ్తున్నారా? షాక్ తక్కువ తగిలేలా చూసుకోండి

‘‘కరెంటు పెడతారంట కదా మేడమ్?’’ నా దగ్గరికి టెస్ట్‌కి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. పెడతాం. అబద్ధం చెప్పి కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

ఎన్‌సీఎస్ అంటే చర్మం మీద నుంచి నరానికి చిన్న షాక్ ఇచ్చి, సిగ్నల్ ఎంత వేగంగా, ఎంత బలంగా వెళ్తోందో చూడటం. ఆరోగ్యంగా ఉన్న చేతి నరంలో అది సెకనుకు 50 మీటర్లు దాటుతుంది. సెకనును పదివేల ముక్కలు చేస్తే అందులో ఒకటో రెండో... షాక్ ఉండేది మామూలుగా అంతసేపే. చురుక్కుమంటుంది, వేళ్లు ఎగురుతాయి.

అయినా భయపడి మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాళ్లున్నారు. వేళ్ల తిమ్మిరి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వచ్చిందా, షుగర్ వల్లా అన్నది సగం టెస్ట్‌తో ఎలా తేలుతుంది?

నరంలోని పోగులన్నీ స్పందించేదాకా కరెంటు పెంచాలి. ఆపైన ఇంకో 20 శాతం. జాలిపడి అక్కడ తగ్గిస్తే బాగున్న నరం కూడా పాడైనట్టు కనిపిస్తుంది. కానీ అక్కడిదాకా చేరడానికి ఎంత కరెంటు కావాలన్నది ప్రోబ్ ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టే ఉంటుంది. సరిగ్గా నరం మీద పెడితే కొంచెం చాలు. పక్కకు జరిగితే చాలా కావాలి, ఆ నొప్పంతా పేషెంట్‌కే. అందుకే నేను తక్కువ కరెంటులోనే ప్రోబ్‌ని అటూ ఇటూ జరిపి, స్క్రీన్ మీద అల ఎక్కడ పెద్దగా వస్తోందో చూస్తా. తర్వాతే పెంచుతా. చోటు వెతక్కుండా నాబ్ తిప్పేయడం పని తొందరగా తెమలడానికే తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

మీ వైపు నుంచీ కొంత ఉంది. ఆ రోజు నూనె, లోషన్ రాసుకోవద్దు. జిడ్డుంటే సిగ్నల్ సరిగ్గా రాదు, మళ్లీ మళ్లీ షాక్ ఇవ్వాల్సొస్తుంది. ఉంగరాలు, గాజులు తీసేయండి. ఏసీలో కూర్చుని చేతులు చల్లబడ్డాయా? చర్మం 32 డిగ్రీల కంటే చల్లగా ఉంటే సిగ్నల్ నెమ్మదిస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుంటానని అడగండి.

షాక్ ఇచ్చే ముందు ప్రతిసారీ చెప్పమనండి. ‘‘కాస్త ఆగండి’’ అంటే ఎవరైనా ఆగాల్సిందే. సూది గుచ్చే టెస్ట్ వేరు, అది ఈఎంజీ. మీకు రెండూ రాశారేమో చీటీలో చూసుకోండి. పేస్‌మేకర్ ఉంటే మాత్రం టెస్ట్ మొదలెట్టకముందే చెప్పేయండి.