అక్వేరియం అందంగా ఉందా? ముందు నీళ్లు చూడండి

దోమల లార్వాను తినే గంబూషియా చేపల్ని మలేరియా సిబ్బంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చెరువుల్లో వదలడం చూసే ఉంటారు. హాల్లో చేపలు మాత్రం కంటికి ఇంపు కోసం. రంగురాళ్లు, లైట్లు చూసి అక్వేరియం బాగుందనుకోకండి. నీళ్లు తేటగా ఉండాలి, వాసన రాకూడదు, చేపలు ఇరుకు లేకుండా తిరగాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి.

చేతికి గాయముంటే తొట్టెలో చెయ్యి పెట్టొద్దు. ఆ నీటిలో ఉండే మైకోబ్యాక్టీరియం మెరైనమ్ క్షయ క్రిమికి దగ్గరి చుట్టం. గాయంలోకి చేరితే కొన్ని వారాలకు వేలి మీదో, చేతి మీదో బొడిపె లేస్తుంది. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగదు, నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. అలాంటి బొడిపె చూపించేటప్పుడు ‘ఇంట్లో అక్వేరియం ఉంది’ అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బు త్వరగా తేలుతుంది.