గడ్డ కాదు, ఒరిగిన ఎముక
కాలి బొటనవేలి ఆపరేషన్ పదికాలాలు నిలవాలంటే...

సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద బతుకమ్మ ఆడుతూ ఆడుతూ మా పెద్దమ్మ పక్కకొచ్చి కూలబడింది. కుడికాలి బొటనవేలు రెండో వేలి మీదికి ఒరిగింది. మట్టె ఒరుసుకుని అక్కడి తోలు లేచింది. వేలి మొదట్లో ఎముక ఎర్రగా ఉబ్బి ఉంది. ‘‘కోసేస్తే పోతది గద బిడ్డా? మళ్ల రాదు గద?’’ అని అడిగింది.

ఈ బాధ ఉన్న ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న ఇదే.

కోస్తే పోయేది కాదు

డాక్టర్లు దీన్ని హాలక్స్ వాల్గస్ అంటారు, వాడుకలో బనియన్. పైకి కనిపించేది కొత్తగా మొలిచిన గడ్డ కాదు. పాదంలోని మొదటి పొడవాటి ఎముక లోపలి వైపుకి, బొటనవేలు రెండో వేలి వైపుకి జరిగితే మధ్యలో కీలు బయటికి పొడుచుకొస్తుంది. అందుకే ఉబ్బును మాత్రమే చెక్కేస్తే ఒంపు అలాగే ఉండిపోయి, బాధ తిరగబెడుతుంది.

వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ, ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ముందు ఇరుకుగా ఉండే చెప్పులు దాన్ని ముదరబెడతాయి. హాంకాంగ్‌లో 1958లో వెలువడిన అధ్యయనంలో, బూట్లు తొడిగేవారిలో మూడోవంతు మందికి ఈ ఒంపు కనిపిస్తే, వట్టికాళ్లతో తిరిగేవారిలో నూటికి ఇద్దరికే కనిపించింది.

ఎక్స్‌రే చెప్పే సంగతి

నిలబడి తీయించుకున్న ఎక్స్‌రే మీద సర్జన్ రెండు గీతలు గీసి, వాటి మధ్య కోణాన్ని కొలుస్తారు. బొటనవేలి ఒంపు 15 డిగ్రీల లోపైతే మామూలే. 40 దాటితే తీవ్రం. ఒంపు కొద్దిగా ఉంటే ఎముక చివర ‘వి’ ఆకారంలో కోసి జరిపే షెవ్రాన్ పద్ధతి సరిపోతుంది. పాదం మధ్య కీలే వదులైతే, దాన్ని అతికించే లాపిడస్ పద్ధతి మేలు. పెద్ద ఒంపుకు చిన్న ఆపరేషన్ చేస్తే ఆ ఫలితం నిలవదు.

బొటనవేలి కింద శనగగింజలంత ఎముకలు రెండుంటాయి. నువ్వుగింజ పేరు మీద వాటిని సెసమాయిడ్లు అన్నారు. ఆపరేషన్‌లో ఇవి తిరిగి తమ చోటికి రాకపోయినా, ఒంపు కొంత మిగిలిపోయినా వేలు మళ్లీ ఒరిగే ముప్పుంది. ఎదిగే వయసు పిల్లల్లో, కీళ్లు వదులుగా ఉన్నవారిలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

మన చేతిలో ఉన్నది

ఆపరేషన్ నిలవడంలో సగం సర్జన్ చేతిలో ఉంటే, మిగతా సగం ఇంట్లోనే ఉంది. ఎముక అతకడానికి కనీసం 6 వారాలు పడుతుంది. వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది. బీడీ, సిగరెట్ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. షుగర్ అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు. డాక్టరు చెప్పినప్పటి నుంచి బొటనవేలిని చేత్తో పైకీ కిందికీ కదపాలి. లేదంటే కీలు బిగుసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని లేవడం కష్టమవుతుంది.

పొలం పనులున్నవాళ్లు ఆపరేషన్ తేదీని పంటను బట్టి చూసుకోవాలి. యాసంగి కోతలయ్యాక ఏప్రిల్ చివర చేయించుకుంటే, వానాకాలం నాట్లకు రెండు నెలలకు పైగా వ్యవధి ఉంటుంది. అప్పుడైనా డాక్టరు సరేనన్నాకే బురదలో దిగాలి.

నొప్పి నడకను ఆపనంత వరకు, అందం కోసం మాత్రం కత్తి దాకా వెళ్లకండి. వెళితే మూడు మాటలు అడగండి: నా ఒంపు ఎన్ని డిగ్రీలు? ఈ పద్ధతే ఎందుకు? నా పాదంలో మళ్లీ వచ్చే కారణాలేమైనా ఉన్నాయా?

ఆ రాత్రి పాత పేపరు మీద పెద్దమ్మను నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఆమె చెప్పును దాని మీద పెట్టి చూస్తే, గీత వేలెడంత బయటికుంది. ‘‘ఇంత ఇరుకుల పెట్టిన్నా నా కాలును!’’ అంది. ఆపరేషన్ అయినా కాకపోయినా, చెప్పుల దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం ఆమె సంచిలో ఉండాల్సిందే.